రిలీజ్ ఆర్డర్ వచ్చాక బొమ్మను ఎవరు చూస్తున్నారు? తెలుగు పత్రికలకు ఒక బహిరంగ లేఖ

తెలుగు దినపత్రికల, వారపత్రికల సంపాదకులకు, మహిళా పేజీల బాధ్యులకు, ప్రకటనల విభాగాల అధిపతులకు,

నమస్కారం.

చాలా పత్రికల్లో ఏదో ఒక మూల, చీమ తలకాయంత అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది. ప్రకటనల్లోని విషయాలకు పత్రిక బాధ్యత వహించదని దాని సారాంశం. ఈ లేఖ ఆ వాక్యం గురించే, దాని చాటున రిలీజ్ ఆర్డర్ (ప్రకటన వేయమని వచ్చే ఆదేశం) అందాక ఎవరూ చూడకుండా అచ్చయ్యే ఆడా మగా బొమ్మల గురించే. పత్రికలో అచ్చయ్యే ప్రతి దానికీ, ప్రకటనలతో సహా, సంపాదకులదే బాధ్యతని ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ప్రవర్తనా నియమావళి చెబుతోంది. వద్దనుకుంటే ఆ మాట ముందే స్పష్టంగా చెప్పుకోవాలంది కాబట్టి ఆ చిన్న వాక్యం పుట్టింది. చట్టం మాత్రం దాన్ని పట్టించుకోదు. స్త్రీల అసభ్య చిత్రణ నిషేధ చట్టం, 1986, మూడో సెక్షన్ ప్రకటనను అచ్చువేసిన వాళ్లనీ, వేయించిన వాళ్లనీ ఒకే గాటన కడుతుంది. మొదటిసారికి రెండేళ్ల దాకా జైలు, 2,000 రూపాయల దాకా జరిమానా. ఆ రెండు వేలు చూసి నవ్వొస్తే మిమ్మల్ని తప్పుపట్టలేం.

అయితే మా ఫిర్యాదు అసభ్యత మీద కాదు. అది కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ఎవరో ఒకరు ఫోన్ చేసి తిడతారు, బొమ్మ మారుతుంది. 2022 జూన్‌లో ఒక డియోడరెంట్ ప్రకటన విషయంలో అదే జరిగింది. అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, పొట్టిగా ఆస్కీ (హైదరాబాద్ స్టాఫ్ కాలేజీ ఆస్కీ కాదు, ఇది ముంబైది), దాన్ని వెంటనే ఆపించింది. కేంద్ర సమాచార ప్రసార శాఖ ట్విట్టర్, యూట్యూబ్‌ల నుంచి తీసేయమంది. అదే నెలలో ఆస్కీ లింగ మూసల (ఆడవాళ్లంటే ఇంతే, మగవాళ్లంటే ఇంతే అనే అచ్చుల) మీద మార్గదర్శకాలు కూడా విడుదల చేసింది. డియోడరెంట్ గొడవ అందరికీ గుర్తుంది. మార్గదర్శకాల ప్రతి మీ ప్రకటనల డెస్క్‌లో ఎవరి సొరుగులోనైనా ఉందా?

మేం రాస్తున్నది ఎవరూ ఫోన్ చేయని బొమ్మల గురించి. నిండుగా చీర కట్టుకుని నవ్వుతున్న ఇల్లాలి బొమ్మలో అసభ్యం ఏముంటుంది? కానీ అదే ఇంటి లోన్ ప్రకటనలో సంతకం చేసేది ఆయన, బిడ్డను ఎత్తుకుని ఆయన భుజం మీదుగా కాగితం వైపు చూసేది ఆమె. ప్లాట్ల ప్రకటనలో వేలెత్తి లేఅవుట్ చూపించేది ఆయన, ఆ వేలు చూపినవైపు చూసేది ఆమె. సిమెంటుకూ స్టీలు కడ్డీలకూ కండలు తిరిగిన హీరో, గిన్నెల సబ్బుకు గాజుల చేతులు. ఒక్కొక్కటి విడిగా చూస్తే ఏమీ అనిపించదు. నెల రోజుల పత్రికలు నేల మీద పరిచి చూస్తే ఆయన పని చేస్తుంటాడు, ఆమె పక్కన ఉంటుంది.

టీవీకి సంబంధించి ఈ సంగతి చట్టంలోనే ఉంది. కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్ నియమాలు, 1994, ఏడో నియమం స్త్రీలను అణకువకు, లోబడి ఉండటానికి ప్రతీకలుగా, కుటుంబంలోనూ సమాజంలోనూ రెండో స్థానంలో ఉండేవాళ్లుగా చూపే ప్రకటనలు కూడదంటుంది. అచ్చు పత్రికకు అంత సూటి నిబంధన లేదు. అందుకే ఈ పని మీ బల్ల మీదే జరగాలి.

ప్రకటనలు వేరే ఇల్లు, సంపాదకవర్గం వేరే ఇల్లు అనే మాట మాత్రం అనకండి. తెలుగులో అవి ఏనాడూ వేరు కాదు. 1893లో అమృతాంజనం పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు గారే 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక పెట్టారు. 1928లో మద్రాసు నుంచి గృహలక్ష్మి పత్రిక నడిపిన కె.ఎన్. కేసరి గారే కేసరి కుటీరంలో స్త్రీల మందు లోధ్ర తయారుచేసి అమ్మారు. మహిళా పత్రిక, మహిళల కోసం తయారైన సరుకు ఒకే కప్పు కింద ఉండేవి. ఆ పత్రికే 1934 నుంచి స్త్రీలకు స్వర్ణకంకణం ఇచ్చి గౌరవించింది. ఒకే చేత్తో మందూ అమ్మొచ్చు, మర్యాదా ఇవ్వొచ్చు. ఆ రెండు పనులూ తెలిసిన మనిషి ఒక్కరే అయి ఉండాలంతే. ఇవాళ మీ దగ్గర ఒంటిని ఒంటిలా ప్రేమించమని చెప్పే వ్యాసం ఒకరి చేతిలో, దాని ఎదురు పేజీలో పదిహేను రోజుల్లో ఐదు కిలోలు తగ్గిస్తామనే ప్రకటన ఇంకొకరి చేతిలో. ఇద్దరూ డమ్మీని (పేజీ నమూనాను) కలిసి చూడరు. ఆ రెండో ప్రకటన అసలు వేయొచ్చా అన్నది ఇంకో ప్రశ్న. డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం, 1954, మందుతో నయం చేస్తామని ప్రకటించకూడని జబ్బుల పట్టికలో స్థూలకాయం ఉంది, వక్షోజాల ఆకృతి ఉంది, మనిషి ఎత్తు ఉంది, మగవాళ్ల లైంగిక పటుత్వమూ ఉంది. వారపత్రికల చివరి పేజీలు ఒకసారి ఆ పట్టికతో పోల్చి చూడండి.

బొమ్మ కంటే ముందు భాష సంగతి చెప్పాలి, ఎందుకంటే బొమ్మ ముంబై నుంచో ఢిల్లీ నుంచో తయారై వస్తుంది, మాటలు మాత్రం ఇక్కడే పడతాయి. 'చేస్తాడు' అంటే మగవాడు. 'చేస్తుంది' ఆడమనిషికీ, ఆవుకూ, నీళ్ల మోటారుకూ ఒకటే. 'చేస్తారు' ఎవరికైనా సరిపోతుంది, పైగా మర్యాద. ఇంగ్లీషు మాస్టర్ కాపీని (ప్రకటన అసలు పాఠాన్ని) రాత్రికి రాత్రి తెలుగు చేసేవాళ్లు ఈ మూడింట్లో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు, ఆ ఎంపికలోనే గుట్టు బయటపడుతుంది. ఇంగ్లీషులో ఆడో మగో తెలియని డాక్టరు తెలుగులోకి వచ్చేసరికి 'చెప్పాడు' అవుతాడు, నర్సు 'చెప్పింది' అవుతుంది. ఒకే ఫ్రేములో 'నాన్నగారు చెప్పారు', 'అమ్మ చేసింది' పక్కపక్కన కూర్చుంటాయి. ఇంట్లో అమ్మను ఏకవచనంలో పిలవడం ప్రేమే. మ్యూచువల్ ఫండ్ ప్రకటనలో ఆయనను 'మీరు' అని, ఫేస్‌క్రీమ్ ప్రకటనలో ఆమెను 'నీ అందం' అని పిలవడం ప్రేమ కాదు, అలవాటు.

ఇంకొకటి, దీనికి పైసా ఖర్చు లేదు. ఖాతాదారుడు, పాలసీదారుడు, పెట్టుబడిదారుడు, వినియోగదారుడు అని రాసే చోటల్లా చివరి 'డు' తీసి 'లు' పెట్టండి. అక్షరాలు పెరగవు, లైను తెగదు, చట్టపరమైన అర్థం చెడదు. మిగతా వాక్యంలో సర్వనామాన్ని, క్రియను బహువచనం చేయడం మరిచిపోతే మాత్రం 'ఖాతాదారులు తన సంతకం చేయవలెను' లాంటి కుంటి వాక్యం మిగులుతుంది. అందుకే ఫైండ్-రీప్లేస్ కొట్టి వదిలేయకుండా వాక్యమంతా చదవాలి.

ప్రభుత్వ ప్రకటనలు పెద్ద ఖాతా కాబట్టి వాటి మాట కూడా. మగవాడు అందులో వృత్తితో కలిపి అన్న అవుతాడు: రైతన్న, నేతన్న. ఆడమనిషి వృత్తి లేకుండా చుట్టం అవుతుంది: అక్కచెల్లెమ్మ, ఆడపడుచు. ఆడపడుచు అంటే పుట్టింటికి వచ్చి, పెట్టింది పుచ్చుకుని వెళ్లే మనిషి. పథకం డబ్బుకు హక్కుదారును ఆ మాటతో పిలిస్తే హక్కు కాస్తా సారె అయిపోతుంది. నేతన్న అన్న మాటలో ఆసు పోసే చేతులు, కండెలు చుట్టే చేతులు కనబడవు, ఆ చేతులు ఎక్కువగా ఎవరివో పోచంపల్లి వెళ్లినవాళ్లకు తెలుసు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని సాగు కమతాల్లో దాదాపు 14 శాతం ఆడవాళ్ల చేతుల్లో ఉన్నాయి. నాటు, కలుపు, కోత కూలి లెక్క వేరే. వ్యవసాయ పేజీల్లో పురుగుమందు, పంపుసెట్టు, ట్రాక్టర్ ప్రకటనల్లో ఆడమనిషి ఉంటే గంప నెత్తిన పెట్టుకుని నవ్వుతుంటుంది. డబ్బా మీది మోతాదు చదువుతున్న ఆడ రైతు బొమ్మ మీ పేజీల్లో ఎప్పుడు వచ్చిందో వెతకండి.

రంగు సంగతి. 1975లో వచ్చిన తెల్లబరిచే క్రీము 2020 జూలైలో పేరు మార్చుకుంది. అంతకు ముందు, 2014లోనే, నల్లగా ఉన్నవాళ్లను దిగులుగా, అందవిహీనంగా, ఓడిపోయినట్టుగా చూపకూడదని ఆస్కీ నియమం పెట్టింది. ఫలితంగా 'తెలుపు' పోయి 'మెరుపు', 'నిగారింపు', 'గ్లో' వచ్చాయి. మాట మారిందా, సరుకు మారిందా అన్నది మాటల్లో తేలదు, కొలవాలి. 'ముందు', 'తర్వాత' బొమ్మలను ఫొటోషాప్‌లో తెరిచి, వెలుగును రంగు నుంచి విడదీసి చూపే ల్యాబ్ మోడ్‌లోకి మార్చి, రెండింట్లోనూ చెంప మీద ఒకే చోట ఐడ్రాపర్ (రంగు చదివే పనిముట్టు) పెట్టి ఎల్ విలువ చదవండి. అది 0 నుంచి 100 దాకా ఉంటుంది, పెద్దదైన కొద్దీ లేత రంగు. ఒక్క చుక్క నమ్మొద్దు, సగటు తీసే నమూనా వాడి మూడు చోట్ల చూడండి, నుదుటి మెరుపును వదిలేయండి. మెరుపు అంటే వెలుగు పడ్డ చోట్ల మాత్రమే విలువ పెరగాలి. ముఖమంతా సమానంగా పెరిగితే అది తెలుపే.

ఇక లెక్క వేయడం ఎలా అన్నది. మా అసలు కోరిక ఇదే కాబట్టి కాస్త తీరిగ్గా చెబుతాం.

నాలుగు వరుస వారాల మహిళా పేజీలు, ఆదివారం అనుబంధాలు తీసుకోండి. ఆ నాలుగు వారాలూ శ్రావణంలోనో, అక్షయ తృతీయ ముందో పడితే నగలూ చీరలూ మిగతా సరుకులన్నింటినీ మింగేస్తాయి. కాబట్టి ఇంకో నాలుగు వారాలు సీజన్ కాని రోజుల నుంచి, మహాలయ పక్షాన్ని కలుపుకుని, విడిగా తీసి, రెండు లెక్కలూ కలపకుండా ఉంచండి. ఒకే ప్రకటన ఎనిమిదిసార్లు వస్తే బొమ్మగా ఒకసారే లెక్క, చోటుగా మాత్రం ఎనిమిదిసార్ల చదరపు సెంటీమీటర్లు. ఈ తేడా పాటించకపోతే ఒక్క నగల దుకాణం మీ పత్రిక స్వభావాన్ని నిర్ణయించేస్తుంది. ప్రతి బొమ్మలో ముఖ్యమైన మనుషులు ముగ్గురికి మించి తీసుకోకండి. వెనక గుంపును వదిలేయండి. సినిమా తారలున్న ప్రకటనలకు వేరే గుర్తు పెట్టండి, ఎందుకంటే అక్కడ బొమ్మను నిర్ణయించేది సరుకు కాదు, తార ఇమేజీ.

ఒక్కో మనిషికి రాసుకోవాల్సినవి: ఆడా మగా, సుమారు వయసు, ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు, సరుకు ఎవరి చేతిలో ఉంది, డబ్బో సంతకమో ఎవరిది, తెల్లకోటు ఎవరిది, ప్రకటనలోని మాటలు వాళ్లను మీరు అంటున్నాయా నువ్వు అంటున్నాయా. 'ఏం చేస్తున్నారు' అన్న గడిలో క్రియ రాయాలి, విశేషణం కాదు. 'అందంగా ఉంది' అని రాస్తే ఆ గడి పనికిరాదు. 'నిలబడింది', 'చూస్తోంది', 'కొలుస్తోంది', 'వడ్డిస్తోంది' అని రాస్తేనే రేపు లెక్క తేలుతుంది. వయసు గడి మీద కన్నేసి ఉంచండి. నెరిసిన జుట్టు మగవాళ్లకు ఎన్ని చోట్ల ఒప్పుకున్నారో, ఆడవాళ్లకు ఎన్ని చోట్ల ఒప్పుకున్నారో ఒక్క చూపులో తెలిసిపోతుంది.

ముఖానికి ఒక కొలత ఉంది, 1983లో అమెరికాలో డేన్ ఆర్చర్ బృందం వాడింది. గడ్డం నుంచి నడినెత్తి దాకా ఎంత ఉందో కొలిచి, నడినెత్తి నుంచి బొమ్మలో కనిపించే ఒంటి చివర దాకా ఉన్న కొలతతో భాగించాలి. ముఖం 6 సెం.మీ., కనిపించేదంతా 8 సెం.మీ. అయితే 0.75. ముఖం 4, కనిపించేది 24 అయితే 0.17. పత్రికల్లో మగవాళ్లకు ఈ అంకె ఎక్కువగా, ఆడవాళ్లకు తక్కువగా ఉందని వాళ్లు తేల్చారు: అతను ముఖం, ఆమె ఒళ్లు. మన దగ్గర ఈ కొలతను గుడ్డిగా వాడితే తప్పు లెక్క వస్తుంది. చీర ప్రకటనలో కుచ్చిళ్ల దాకా చూపించక తప్పదు. కాబట్టి బ్యాంకును బ్యాంకుతో, బట్టల కొట్టును బట్టల కొట్టుతోనే పోల్చాలి. పట్టుచీర ఆమెను పట్టుపంచె ఆయనతో పోల్చండి, స్టీలు కడ్డీల హీరోతో కాదు.

చేతుల విషయంలోనూ ఇదే జాగ్రత్త. ఎర్వింగ్ గాఫ్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970ల్లో పత్రికా ప్రకటనల్ని పక్కపక్కన పేర్చి, ఆడవాళ్ల వేళ్లు వస్తువును పట్టుకోవు, తడుముతాయని గమనించాడు. ఉంగరం అమ్మేవాడు వేళ్లు మెడ దగ్గర పెట్టించక ఏం చేస్తాడని మీరు అడగొచ్చు. సబబే. అదే దుకాణం మగవాళ్ల ఉంగరం అమ్మేటప్పుడు వేళ్లు ఎక్కడున్నాయో చూడండి. కోటు గుండీ పెడుతూనో, స్టీరింగ్ పట్టుకునో ఉంటాయి.

పత్రికలన్నీ ఇద్దరు విడివిడిగా కోడ్ చేయాలి, అంటే ఆ గడులు నింపాలి, వీలైతే ఒక ఆడమనిషి, ఒక మగవాడు. ఒకరి పట్టిక ఇంకొకరు చూడకూడదు. తర్వాత పోల్చి, ఎన్ని గడుల్లో ఒకే జవాబు ఉందో చూడాలి. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. నూటికి 90 బొమ్మల్లో 'లేదు' అని జవాబు వచ్చే ప్రశ్నకు, ఇద్దరూ కళ్లు మూసుకుని అదే నిష్పత్తిలో గీతలు పెట్టినా 82 శాతం కలుస్తుంది: 0.9ని 0.9తో, 0.1ని 0.1తో గుణించి కూడి చూసుకోండి. కాబట్టి 85 శాతం కలిసిందని సంబరపడక, యాదృచ్ఛికంగా కలిసేదాన్ని తీసేసి లెక్కగట్టే కోహెన్ కప్పా అనే కొలత చూడండి. అది 0.7 కన్నా తక్కువ వస్తే తప్పు మనుషులది కాదు, ప్రశ్నది. నిర్వచనం మార్చి మళ్లీ చేయాలి.

అనుభవం లేని ఇద్దరికి నాలుగు వారాల సంచికలు చేయడానికి మూడు నాలుగు పూటలు పడుతుంది. అంతే.

ఇప్పుడు మీ నుంచి రాబోయే జవాబుకు వద్దాం. పాఠకురాళ్లు కోరేది అదే, మేం ఇస్తున్నాం అంటారు. కోరుతున్నారని మీకెలా తెలుసు? ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ ఎన్ని కాపీలు అమ్ముడయ్యాయో చెబుతుంది, ఎవరు చదివారో చెప్పదు. ఎవరు చదివారో చెప్పే ఇండియన్ రీడర్‌షిప్ సర్వే 2019 తర్వాత ఏళ్ల తరబడి రాలేదు. చదివారని చెప్పినా, నచ్చిందని అదీ చెప్పదు. చీరల దుకాణానికి మీరు అమ్మే 'మహిళా పాఠకులు' చాలావరకు ఊహే. ఊహను పరీక్షించే వీలు మాత్రం మీకున్నంతగా ఎవరికీ లేదు, ఎందుకంటే తెలుగు పత్రికలకు జిల్లా ఎడిషన్లున్నాయి. ఒక ప్రకటనదారును ఒప్పించి, ఒకే సైజు, ఒకే పేజీ, ఒకే వారంలో రెండు బొమ్మలు వేయండి: గుంటూరులో ఆయన సంతకం చేసే బొమ్మ, ఏలూరులో ఆమె సంతకం చేసేది. రెండింటికీ వేర్వేరు ఫోన్ నంబర్లు గానీ క్యూఆర్ కోడ్‌లు గానీ ఇచ్చి, వెయ్యి కాపీలకు ఎన్ని కాల్స్ వచ్చాయో చూడండి. రెండో వారం బొమ్మలు తారుమారు చేయండి, లేకపోతే కనిపించేది ఊరి తేడానా, బొమ్మ తేడానా తెలియదు. మధ్యలో పండగ పడితే ఆ వారం కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాలి.

రెండో జవాబు: ఉన్నదే చూపిస్తున్నాం కదా. ఉన్నమాట నిజమే. 2019 జాతీయ కాల వినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే పెడుతున్నారని, మగవాళ్లలో ఆ పని చేసే కొద్దిమందీ 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. ఆమె వంట చేస్తున్నట్టు చూపడం తప్పని ఆస్కీ మార్గదర్శకాలు కూడా అనలేదు. ఆ పని ఆమెకే రాసిపెట్టి ఉందని, ఆయనకు చేతకాదని, చేస్తే నవ్వుతారని చూపడం తప్పంటాయి. చివరి రెండూ మగవాళ్ల గురించి. 2019 జూన్‌లో బ్రిటన్ ఇలాంటి నియమం తెచ్చాక ఆగస్టులో మొదట ఆపిన రెండు ప్రకటనల్లో ఒకటి, తిండి ధ్యాసలో పడి చంటిపిల్లల్ని కన్వేయర్ బెల్టు మీద మరిచిపోయిన తండ్రులది. అన్నం మాడబెట్టే భర్త మీద మీ వారపత్రికల్లో పడే కార్టూన్లు, భార్య అంటే భయమనే జోకులు, ఖాళీ నింపడానికి వాడే ఆ నాలుగు లైన్లు, అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. అవి ప్రకటనలు కావు కాబట్టి ఏ కౌన్సిలూ అడగదు. వాటిని వేసేది మీరే.

అమ్మకాలు పడిపోతాయన్న భయానికి ఒక్క ఉదాహరణ చాలు. బట్టలు ఉతకడం ఆడవాళ్ల పనేనా అని 2015లో ఒక డిటర్జెంట్ కంపెనీ ఈ దేశంలోనే అడిగింది, తర్వాత ఏళ్ల తరబడి అదే ప్రచారాన్ని కొనసాగించింది. నష్టం వస్తే సబ్బు అమ్మేవాడు అంతకాలం ధర్మం చేయడు.

మీరు చేయాల్సినవి కొన్నే. అచ్చు ప్లేటుకు వెళ్లే ముందు ప్రకటనను ఆపే అధికారం పేరు పెట్టి ఒకరికి ఇవ్వండి. సాయంత్రం ఆరు దాటాక వచ్చే పీడీఎఫ్‌ను ఎవరూ ఆపలేరు కాబట్టి, బొమ్మ మధ్యాహ్నం మూడింటి లోపు రావాలని, మార్పు అడిగే హక్కు పత్రికకు ఉందని రిలీజ్ ఆర్డర్ షరతుల్లో ఒక లైను చేర్చండి. మహిళా పేజీ డమ్మీ మీద సబ్ ఎడిటర్, ప్రకటనల మనిషి ఇద్దరూ సంతకం చేయాలి. వ్యాసంలా వేషం వేసుకున్న ప్రకటన మీద 'ప్రకటన' అన్న మాట శీర్షిక కింద కనబడాలి, పేజీ మూల కాదు. ఏడాదికి ఒకసారి మీ లెక్కను, చదరపు సెంటీమీటర్లతో సహా, మీ పత్రికలోనే వేయండి. తక్కువ మార్కులొచ్చిన ఏడాది కూడా వేయండి.

లెక్క పట్టికను, నిర్వచనాల కాగితాన్ని తెలుగులో తయారుచేసి ఇస్తాం. మొదటి రెండు వారాలు మీ డెస్క్‌లో కూర్చుని కోడింగ్ నేర్పుతాం. రుసుము అక్కర్లేదు. ఒక గది, పాత పత్రికల కట్ట, సెంటీమీటర్ల స్కేలు, రెండు పెన్సిళ్లు ఉంటే చాలు.

ఇట్లు
పత్రికల పేజీలు లెక్కగట్టే పనిలో ఉన్న కొందరు మాధ్యమ అధ్యాపకులు